అనంతపురం నుంచి బైలకుప్పె బౌద్ధ మఠానికి నలభై మందితో వెళ్లిరావడం ఎలా

అనంతపురంలో రాత్రి భోంచేసి బస్సెక్కితే తెల్లారేసరికి కావేరి ఒడ్డున కుశాలనగర్‌లో దిగొచ్చు. ఆ ఊరికి ఆరేడు కిలోమీటర్ల దూరంలో, నదికి ఇవతలి గట్టున, మైసూరు జిల్లాలో ఉంది బైలకుప్పె. టిబెట్ విడిచి వచ్చిన శరణార్థుల కోసం 1961లో అక్కడ మొదటి కాలనీ వెలిసింది. ఆ కాలనీల మధ్యనున్న నాంద్రోలింగ్ మఠాన్నే మనవాళ్లు గోల్డెన్ టెంపుల్ అంటుంటారు.

కొడగు (కూర్గ్) ప్యాకేజీ బస్సులు ఈ మఠానికి ఇచ్చేది అరగంట, ముప్పావుగంట. చెప్పులు విడిచి, విగ్రహాల ముందు సెల్ఫీ దిగి, బయట మోమోలు తిని వచ్చేయడానికే అది చాలదు. అక్కడ వేలమంది భిక్షువులు, భిక్షుణులు ఉంటూ చదువుకుంటున్నారని కూడా చాలామంది గమనించకుండానే తిరిగొస్తారు. మీ జట్టును మీరే తీసుకెళ్తున్నప్పుడు ఆ తప్పు చేయకండి. ఒక పూట, అదీ ఉదయం పూట, పూర్తిగా మఠానికే వదిలేయండి. మిగతా ప్లానంతా ఆ పూట చుట్టూ అల్లుకోవాలి. కింద చెప్పేది 40 మంది పెద్దవాళ్లు, వాళ్లలో కొందరు అరవై దాటినవాళ్లు ఉన్న జట్టు లెక్కతో రాసింది.

ముందు రోజులు తేల్చుకోండి

అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కొడగులో వాన వదలదు. కావేరి పొంగితే దుబారే ఏనుగుల క్యాంపు దగ్గర పడవలు ఆపేస్తారు, నిసర్గధామ దీవి వంతెన మీదికి పోనివ్వరు, తోటల్లో జలగలు పడతాయి. దసరా వారంలో మైసూరు దాటడమే ఒక పూట పని. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా కుశాలనగర్‌లో గదులు దొరకవు, దొరికినా రేటు రెట్టింపు చెప్తారు.

టిబెటన్ల ఉగాది లోసార్. వాళ్ల చాంద్రమాన పంచాంగం ప్రకారం ఫిబ్రవరిలోనో మార్చిలోనో వస్తుంది. దానికి ముందు రోజుల్లో మఠాల్లో ముసుగులు వేసుకుని చామ్ అనే నృత్యం చేస్తారు. చూడదగ్గదే. కానీ మొదటిసారి 40 మందితో వెళ్లేవాళ్లు ఆ రోజులు ఎంచుకోవద్దు. భిక్షువులకు తీరిక ఉండదు, మీ జట్టుకు కూర్చునే చోటు దొరకదు.

వారం సంగతి ఇంకా ముఖ్యం. శని, ఆదివారాల్లో బెంగళూరు కార్లన్నీ అక్కడే ఉంటాయి. గురువారం రాత్రి బయల్దేరండి. శుక్రవారం ఉదయం మఠం, మధ్యాహ్నం దగ్గర్లోని సెరా మఠం, రాత్రి కుశాలనగర్‌లో బస. శనివారం పొద్దున ఊరు చూసుకుని పదకొండుకల్లా తిరుగు ప్రయాణం. ఆదివారం ఇంట్లో నడుము వాల్చొచ్చు.

బస్సు మాట్లాడేటప్పుడు

అనంతపురం నుంచి బెంగళూరు దాదాపు 215 కిలోమీటర్లు, అక్కడి నుంచి మైసూరు 145, మైసూరు నుంచి బైలకుప్పె 80 పైచిలుకు. అంటే ఒకవైపే 440. అక్కడ తిరిగేది కూడా కలుపుకుంటే 950 నుంచి 1000 కిలోమీటర్లు. ఈ సంఖ్య చేతిలో పెట్టుకుని బస్సు ఓనరును మూడు ప్రశ్నలు అడగండి.

ఒకటి: కిలోమీటర్లు ఎక్కడి నుంచి లెక్క? చాలామంది షెడ్డు నుంచి షెడ్డుకు వేస్తారు. షెడ్డు ధర్మవరంలో ఉంటే ఆ దూరం కూడా మీ నెత్తినే. రెండు: రోజుకు కనీస కిలోమీటర్లు ఎన్ని, రోజు అంటే 24 గంటలా, తేదీనా? తేదీ లెక్కయితే గురువారం రాత్రి 9 నుంచి 12 దాకా నడిచిన మూడు గంటలకే ఒక రోజు కట్టాలి. బేరమాడాల్సింది ఇక్కడే, కిలోమీటరు రేటు దగ్గర కాదు. మూడు: టోలు, పార్కింగు, డ్రైవరు బత్తా ఎవరివి? ఇవన్నీ ఒక కాగితం మీద రాయించి ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి.

ఇద్దరు డ్రైవర్లు ఉండాల్సిందే. ఒక్కడే రాత్రంతా నడిపితే, తెల్లవారుజామున మూడు నుంచి ఐదు మధ్య, కునుకు పట్టే వేళకు బస్సు సరిగ్గా మైసూరు దాటి హుణసూరు వైపు పోతూ ఉంటుంది. ఇద్దరూ లైసెన్సున్న డ్రైవర్లేనా, రెండోవాడు క్లీనరా అన్నది అడిగి చూడండి. ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ కాపీ ముందే ఫోనుకు తెప్పించుకోండి. ప్రయాణికుల పేర్లు, వయసులు రాసిన జాబితా రెండు ప్రతులు బస్సులో ఉండాలి.

40 మందికి 45, 49 సీట్ల బస్సు తీసుకోండి. ఆ మిగిలే ఖాళీ సీట్లు వృథా కావు. ఎవరికైనా ఒంట్లో బాగలేకపోతే పడుకోవడానికి అవే దిక్కు. మోకాళ్ల నొప్పులవాళ్లకు, వాంతులయ్యేవాళ్లకు ముందు సీట్లు ముందే రాసిపెట్టండి. బస్సెక్కేటప్పుడు తేల్చుదామనుకుంటే మొదటి గొడవ కళ్యాణదుర్గం రోడ్డులోనే మొదలవుతుంది.

రైలు కావాలనుకుంటే కాచిగూడ నుంచి కర్నూలు, అనంతపురం మీదుగా మైసూరు వైపు పోయే రాత్రి బండి ఉంది. రిజర్వేషను 60 రోజుల ముందు తెరుస్తారు, ఒక టికెట్టు మీద ఆరుగురికే. 40 మందికి ఏడు టికెట్లు, బోగీలు వేరుపడే అవకాశం ఎక్కువ. మైసూరు నుంచి మళ్లీ వాహనం మాట్లాడుకోవాలి, ఎందుకంటే కుశాలనగర్‌కు రైలు లేదు. పదిమంది లోపు జట్టుకు రైలు బాగుంటుంది, 40 మందికి బస్సే నయం. కర్నూలు నుంచి వచ్చేవాళ్లకు ఇంకో 150 కిలోమీటర్లు అదనం కాబట్టి సాయంత్రం ఆరుకే కదలాలి. కడపవాళ్లకు రాయచోటి, మదనపల్లె మీదుగా బెంగళూరు చేరడం దగ్గర.

డబ్బు వసూలు చేసేటప్పుడు తేలిన ఖర్చు మీద నూటికి పది అదనంగా తీసుకోండి, మిగిలితే తిరిగిచ్చేయొచ్చు. చివరి నిమిషంలో రానివాళ్లకు బస్సు వాటా తిరిగి రాదని, తిండి వాటా మాత్రమే వస్తుందని డబ్బు తీసుకున్న రోజే చెప్పండి.

వెళ్లేముందు ఒక ఆదివారం ఎర్రగుడికి

దీన్ని చాలామంది అనవసరం అనుకుంటారు. బౌద్ధం గురించి ఏమీ తెలియకుండా నాంద్రోలింగ్‌లో అడుగుపెట్టినవాళ్లకు అది బంగారు రంగు బొమ్మల గది. కొంచెం తెలిసి పోతే అదే గది వేరుగా కనిపిస్తుంది. ఆ కొంచెం మన ఇంటి పక్కనే ఉంది. గుత్తి నుంచి పత్తికొండ రోడ్డులో దాదాపు 13 కిలోమీటర్లు పోతే ఎర్రగుడి. అక్కడి గుట్ట బండల మీద అశోకుడి 14 ప్రధాన శాసనాలు, చిన్న శాసనాలు కూడా ఉన్నాయి. లిపి బ్రాహ్మీ, భాష ప్రాకృతం. చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, మళ్లీ కుడి నుంచి ఎడమకు, చేలో ఎద్దులు మళ్లినట్టు చెక్కి ఉంటాయి.

తల్లిదండ్రుల మాట వినాలి, నిజం చెప్పాలి, శిష్యుడు గురువును గౌరవించాలి అన్న మాటలు ఆ చిన్న శాసనాల్లోవే. తన మతాన్ని పొగిడి ఎదుటివాళ్ల మతాన్ని తెగడేవాడు తన మతానికే చేటు చేస్తాడని పన్నెండో ప్రధాన శాసనం చెప్తుంది. ఈ రెండింటి తెలుగు అనువాదాలు ఒక కాగితం మీద వేయించి జట్టుకు పంచండి. ఎర్రగుడిలో నీడ తక్కువ, బండలు పదింటికే కాలుతాయి. ఏడింటికల్లా అక్కడుండి తొమ్మిదికల్లా దిగిపోండి. నీళ్లు వెంట తీసుకెళ్లండి.

బస్సులోకి ఏం పెట్టుకోవాలి

రాత్రి తినేసి ఎక్కుతారు కాబట్టి దారిలో పెద్ద తిండి అక్కర్లేదు. బొరుగులు, వేయించిన చెనిక్కాయలు, అరటిపళ్లు చాలు. మరుసటి పొద్దున కోసం పులిహోర చేసుకుంటే మేలు. మనిషికి 100 గ్రాముల బియ్యం చొప్పున 40 మందికి 4 కిలోలు. అన్నం బాగా ఆరాకే డబ్బాల్లో పెట్టండి. వేడిగా మూత వేస్తే ఆవిరి నీరై కారి తెల్లారేసరికి పులిసిపోతుంది. చిత్రాన్నం వద్దు, అందులోని ఎర్రగడ్డలు రాత్రంతా నిలవవు. నీళ్లకు 20 లీటర్ల క్యాన్లు నాలుగు.

బీపీ, షుగరు మందులు పెద్ద పెట్టెలో కాక చేతిసంచిలో ఉండాలి. పెట్టె డిక్కీలోకి పోతే పొద్దున ఆరు దాకా చేతికి రాదు. వాంతుల మాత్ర బస్సు కదలడానికి అరగంట ముందే వేసుకోవాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక పనిచేయదు. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున చలి గట్టిగా ఉంటుంది. అనంతపురం ఎండకు అలవాటైనవాళ్లు శాలువా మరిచిపోతే దిగీ దిగగానే దగ్గు పట్టుకుంటుంది.

దారి, గడియారం

రాత్రి 9కి కదలండి. పెనుకొండ, కొడికొండ చెక్‌పోస్టు దాటి 11 ప్రాంతంలో బాగేపల్లి దగ్గర మొదటి ఆగుడు. అర్ధరాత్రి దాటాక బెంగళూరు చొచ్చుకుపోవడం సులువు. అదే బస్సు తెల్లారి ఏడుకు హెబ్బాళ దగ్గరికి చేరితే రెండు గంటలు అక్కడే పోతాయి. ఈ ప్రయాణం రాత్రిపూట పెట్టుకోవడానికి అసలు కారణం అదే.

మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కకముందే ఒకసారి ఆపి అందర్నీ దించండి. ఆ రోడ్డు ఎక్కాక ఎక్కడపడితే అక్కడ దిగే దారి ఉండదు, హోటళ్లన్నీ పక్క సర్వీసు రోడ్డు మీదే. షుగరున్న పెద్దవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. మైసూరు రింగురోడ్డు, హుణసూరు, పిరియాపట్న దాటి ఆరు, ఆరున్నరకు కుశాలనగర్.

బస్సు ఆగిన ప్రతిసారీ కదిలేముందు తలలు లెక్కపెట్టకండి, పేర్లు పిలవండి. తలల లెక్కలో డ్రైవరో, టీ అమ్మడానికి ఎక్కినవాడో కలిసిపోయి సంఖ్య సరిపోతుంది, మనిషి మాత్రం కిందే ఉండిపోతాడు. 40 మందిని పది పది చొప్పున నాలుగు బ్యాచ్‌లు చేసి ఒక్కోదానికి ఒక పెద్దను పెట్టండి. పేర్లు పిలిచేది ఆ పెద్దే.

లాడ్జిలో పది గదులు, గదికి నలుగురు. చాలా లాడ్జిలు మధ్యాహ్నం 12 నుంచి లెక్కేస్తాయి. పొద్దున ఆరుకు దిగితే రాత్రి అద్దె కూడా అడుగుతారు. 24 గంటల చెక్‌అవుట్ ఉన్నదాన్ని ముందే వెతికి, మీరు దిగే గంట చెప్పి ఒప్పించుకోండి. వేడినీళ్లు ఎన్నింటి దాకా వస్తాయో అడగండి. గదిలో నలుగురికి తలా పావుగంట అంటే గంట పడుతుంది. పులిహోర తిని ఎనిమిదిన్నరకు బస్సెక్కితే తొమ్మిదికి మఠం గేటు దగ్గరుంటారు.

జట్టులో విదేశీ పాస్‌పోర్టు ఉన్న బంధువులెవరైనా ఉంటే గుర్తుంచుకోండి, టిబెటన్ కాలనీల హద్దుల్లో రాత్రి ఉండాలంటే వాళ్లకు ప్రొటెక్టెడ్ ఏరియా పర్మిట్ కావాలి. అది రావడానికి వారాలు పడుతుంది. అందుకే వాళ్లకు కూడా బస కుశాలనగర్‌లోనే పెట్టండి.

మఠం గేటు దగ్గర

బస్సులోంచి దిగకముందే ఐదు నిమిషాలు మాట్లాడండి. కిందికి దిగాక ఎవరూ వినరు.

భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు. చీర, పంచె, చుడీదారు ఏదైనా సరే, నిక్కర్లు వద్దు. టోపీ, మఫ్లరు లోపలికి పోయేముందు తీసేయాలి. ఫోను సైలెంటులో. మన గుడికి తీసుకెళ్లే సామాను ఇక్కడ పనికిరాదు. టెంకాయ కొట్టరు, కర్పూరం వెలిగించరు, పసుపు కుంకుమ చల్లరు. భక్తితోనే విగ్రహం పీఠానికి కుంకుమ పూసేస్తారు కొందరు అమ్మలు, పాపం వాళ్లకు తెలియక. దాన్ని శుభ్రం చేయాల్సింది అక్కడి పిల్ల భిక్షువు. కాబట్టి ఇది ముందే, మెత్తగా చెప్పండి.

ఏదైనా సమర్పించాలని ఉంటే మూడు దారులున్నాయి. దీపాల గది ఉంటుంది, అక్కడ రుసుము కట్టి దీపం వెలిగించొచ్చు. మన నేతిదీపం ఎలాగో వాళ్లకు వెన్నదీపం అలాగ. ఖతా అనే తెల్లటి పట్టు కండువా బయట అంగళ్లలో దొరుకుతుంది, రెండు చేతులతో పట్టి ఇస్తారు. జట్టంతా కలిసి డబ్బు ఇవ్వాలనుకుంటే ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. భిక్షువుల చేతుల్లో విడివిడిగా నోట్లు పెట్టకండి.

నాలుగు బ్యాచ్‌లూ ఒకేసారి గుడిలోకి పోవద్దు. 40 మంది గుసగుసలు కలిస్తే సంతలా ఉంటుంది. ఒక బ్యాచ్ పెద్ద గుడిలో, రెండోది చేత్తో తిప్పే మణిచక్రాల వరుస దగ్గర, మూడోది దీపాల గది దగ్గర, నాలుగోది తోటలో. అరగంటకోసారి మారండి. తిరిగి కలుసుకునే చోటు గేటు అని చెప్పండి. గుడి ముందు అని చెప్తే ఆ జనంలో ఎవరూ కనబడరు.

లోపల ఏం చూడాలి, ఎలా చూడాలి

పెద్ద గుడి పైకప్పు అంచున ముందు తలెత్తి చూడండి. ఎనిమిది ఆకుల చక్రం, దానికి అటూ ఇటూ మోకాళ్ల మీద కూర్చున్న రెండు జింకలు. సారనాథ్ జింకల వనంలో బుద్ధుడు చెప్పిన మొదటి బోధకు అది గుర్తు. ఏ టిబెటన్ గుడి మీదైనా ఇది కనిపిస్తుంది.

ఈ మఠాన్ని 1963లో పెనోర్ రింపోచే స్థాపించారు. టిబెట్‌లోని పల్యుల్ మఠ పరంపరకు ఆయన 11వ అధిపతి. వెదురుతో కట్టిన చిన్న గుడితో మొదలైంది. ఇప్పుడు మనం చూసే బంగారు గుడి 1999లో తెరిచారు. టిబెటన్ బౌద్ధంలో నాలుగు ప్రధాన సంప్రదాయాలున్నాయి: ఞింగ్మా, కగ్యు, శాక్య, గెలుగ్. నాంద్రోలింగ్‌ది ఞింగ్మా, అన్నింటికన్నా పాతది.

లోపల మూడు విగ్రహాలు. నడుమ శాక్యముని బుద్ధుడు 60 అడుగులు, అటూ ఇటూ పద్మసంభవుడు, అమితాయువు 58 అడుగుల చొప్పున. రాగితో చేసి బంగారు పూత పూశారు, కడుపులో గ్రంథాలు, ధాతువులు (మహనీయుల అవశేషాలు), చిన్న చిన్న మట్టి స్తూపాలు ఉంచారు. ఎవరెవరో ఇలా గుర్తుపట్టండి. బుద్ధుడి కుడిచెయ్యి నేలను తాకుతూ ఉంటుంది, ఎడమచేతిలో భిక్షాపాత్ర. పద్మసంభవుడికి తలమీద పొడవాటి టోపీ, సన్నటి మీసం, చేతిలో వజ్రాయుధం. టిబెట్‌కు తంత్రబౌద్ధాన్ని తీసుకెళ్లిన గురువు ఆయనే, అందుకే ఞింగ్మా వాళ్లకు అంత ముఖ్యం. అమితాయువు రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని కలశం పట్టుకుని ఉంటాడు, దీర్ఘాయువునిచ్చే బుద్ధుడు.

నడక ఎడమ నుంచి మొదలుపెట్టి కుడిభుజం దేవుడి వైపు ఉండేలా, మన ప్రదక్షిణం లాగే. మణిచక్రాలు కూడా కుడిచేత్తో అదే దిక్కుకు తిప్పాలి. ఒక్కో చక్రం కడుపులో మంత్రం అచ్చువేసిన కాగితం చుట్టలు చుట్టి ఉంటుంది. మణిచక్రాల్లో మామూలుగా ఉండేది ‘ఓం మణి పద్మే హూం’. వాళ్ల నోట అది ‘ఓం మణి పేమే హుంగ్’ అని వినిపిస్తుంది. పిల్లలు గిరగిరా తిప్పి పరుగెత్తుతారు, పట్టుకోండి. వెనక వచ్చే ముసలి టిబెటన్ అవ్వ ఒక్కో చక్రాన్నీ నిదానంగా తాకుతూ జపం చేసుకుంటూ వస్తుంటుంది. ఆమెను దాటి ముందుకు పోవద్దు.

నేలమీద వరుసగా పరిచిన మందపాటి మెత్తలు భిక్షువుల ఆసనాలు. ఖాళీగా ఉన్నాయి కదా అని కూర్చోకండి, దాటకండి. గోడవారన నేలమీద కూర్చోండి. కాళ్లు విగ్రహాల వైపు చాపకూడదు. మోకాళ్లు మడవలేనివాళ్లు గోడకు ఆనుకుని, కాళ్లు పక్కకు పెట్టుకుని కూర్చోవచ్చు. కూర్చున్నాక పది నిమిషాలు ఫోను సంచిలోనే ఉంచండి.

అప్పుడు విగ్రహాల పాదాల దగ్గర పీఠం మీద చూపు పెట్టండి. ఏడు చిన్న గిన్నెల్లో నీళ్లు వరుసగా పెట్టి ఉంటాయి. గిన్నెకూ గిన్నెకూ మధ్య ఒక బార్లీ గింజ పట్టేంత సందు. గిన్నె అంచుకూ నీళ్లకూ మధ్య కూడా అంతే. గిన్నెలు తగులుకుంటే తప్పు, దూరంగా ఉన్నా తప్పు. పొద్దున ఎడమ నుంచి కుడికి నింపుతారు, సాయంత్రం కుడి నుంచి ఎడమకు ఒంపి తుడిచి బోర్లిస్తారు. నీళ్లే ఎందుకంటే, ఇవ్వడానికి ఎవరికీ కొరత లేనిది, ఇచ్చి గర్వపడలేనిది అదే కదా అంటారు. ఈ ఒక్కటీ నిదానంగా చూసినవాళ్లు అరవై అడుగుల విగ్రహం కన్నా దీన్నే ఎక్కువ రోజులు గుర్తుపెట్టుకుంటారు. వాటి పక్కనే పిండితో చేసి వెన్నతో రంగురంగుల పూలు అద్దిన తోర్మాలు ఉంటాయి. ముట్టుకుంటే వేలిముద్ర పడిపోతుంది.

పూజ జరుగుతుంటే మీ అదృష్టం. నిలువెత్తు పొడవున్న బూరలు, డోళ్లు, తాళాలు ఒక్కసారిగా మోగుతాయి. గుండె జబ్బున్నవాళ్లను, పసిపిల్లలను వాద్యాల దగ్గర కూర్చోబెట్టకండి. మధ్యలో లేవాల్సి వస్తే వెనకనుంచి గోడవెంట పోవాలి. వీడియో తీయకండి. ఫొటోలకు అనుమతి ఉన్న చోట కూడా ఫ్లాష్ వద్దు. భిక్షువు ముఖం తీయాలంటే ముందు అడగండి.

మాట్లాడాలనిపిస్తే నమస్కారం చాలు, లేదా ‘తషి దెలెక్’. చేతులు కలపడం, భుజం మీద చెయ్యి వేయడం వద్దు. టిబెటన్‌లో పేరు చివర ‘లా’ చేరిస్తే మనం ‘గారు’ అన్నట్టు. భిక్షుణిని ‘ఆనీ లా’ అనొచ్చు. అందరూ లామాలు (గురువులు) కారు. ఞింగ్మాలో ఉన్నత చదువు పూర్తిచేసిన పండితుడిని ఖెన్పో అంటారు, గెలుగ్‌లో గెషె. చాలామందికి హిందీ వస్తుంది, కొందరికి కన్నడమూ వస్తుంది. ఏం చదువుతున్నారు, ఏ ఊరివారు అని అడగండి. టిబెట్ ఎప్పుడు వెళ్తారు అన్న ప్రశ్న మాత్రం వద్దు. అది వాళ్లకు మానని గాయం.

జట్టుకు ఎవరైనా ఖెన్పోతో పావుగంట మాట్లాడించాలనుకుంటే నెల ముందే మఠం ఆఫీసుకు రాయండి: ఎంతమంది, ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఏ భాషలో. అప్పటికప్పుడు అడిగితే కుదరదు. పరీక్షలో, ఏకాంత ధ్యానమో ఉంటే రాసినా కుదరకపోవచ్చు, నొచ్చుకోవద్దు.

మధ్యాహ్నం తిండి, తర్వాత సెరా

మఠం ఎదురుగానే టిబెటన్ హోటళ్లున్నాయి. మోమోలు అప్పటికప్పుడు ఆవిరికి పెడతారు, ఒక వాయి పావుగంట పైనే. ప్లేటుకు ఆరు, ఎనిమిది ఉంటాయి. 40 మంది ఒకేసారి కూర్చుని తలా ఒక రకం చెప్తే గంటన్నర ఆకలితో కూర్చోవాలి. పొద్దున గుడిలోకి పోయేముందే హోటలుకు పోయి, రెండే రకాలు, ఎన్ని ప్లేట్లు, ఎన్నింటికి అని చెప్పి అడ్వాన్సు ఇచ్చేయండి. థుక్పా అంటే నూడుల్సు వేసిన పలచటి చారు, చలికాలంలో పెద్దవాళ్లకు బాగా నప్పుతుంది. శాకాహారులు ‘వెజ్ థుక్పా’ అని ఊరుకోకుండా చారు దేంతో కాచారో అడగాలి. మాంసం తినేవాళ్లు ఏ మాంసమో అడిగి తినండి. ఉప్పు, వెన్న వేసి చిలికిన టీ దొరికితే ఒక గుక్క రుచి చూడండి. టీ అనుకోకుండా చారు అనుకుని తాగితే నచ్చుతుంది. అన్నం లేనిదే కుదరనివాళ్లను కుశాలనగర్‌లోని ఊటా (భోజనం) హోటలుకు పంపండి.

మూడు తర్వాత సెరా మఠానికి పోండి, బస్సులో కొద్ది నిమిషాల దారి. లాసా దగ్గరి పాత సెరా పేరుతో 1970లో ఇక్కడ మళ్లీ నెలకొల్పారు, గెలుగ్ సంప్రదాయం. ఇక్కడ చూడాల్సింది శాస్త్రచర్చ. ఒకరు కూర్చుని ఉంటారు, ఎదుట ఒకరు నిలబడి ప్రశ్న వేస్తూ ఎడమకాలు నేలకు తాటించి చప్పట్లు చరుస్తారు. చూసేవాళ్లకు పోట్లాటలా అనిపిస్తుంది. నిజానికి అది తర్కం పాఠం, మన అవధానంలో పృచ్ఛకుడి పని లాంటిదే, కాకపోతే ఇద్దరూ విద్యార్థులే. సెలవు రోజుల్లో, పరీక్షల్లో చర్చ ఉండదు, వేళలు మారుతుంటాయి. గేటు దగ్గర అడిగి, అంగణం అంచున నిలబడి చూడండి.

కుశాలనగర్, శనివారం పొద్దున

ఊరి నుంచి మడికేరి వైపు కొద్ది దూరంలోనే కావేరి మధ్య దీవి నిసర్గధామ. వేలాడే వంతెన, వెదురు పొదలు, గంటన్నర చాలు. దుబారే ఏనుగుల క్యాంపు 15 కిలోమీటర్ల లోపు. ఏనుగుల స్నానం పొద్దునే, తొమ్మిదికి ముందే చేరాలి, నది పడవలో దాటాలి. రెండింటిలో ఒకటే పెట్టుకోండి. తలకావేరి కూడా చూసొద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అది మడికేరి దాటి ఇంకా 45 కిలోమీటర్లు, అంతా మలుపులు. ఆ పూట అది కలిపితే ఇల్లు చేరేసరికి మర్నాడు తెల్లారుతుంది.

కొనేవాటిలో కాఫీపొడి, మిరియాలు, తేనె ఇక్కడివే. కాఫీపొడిలో చికోరీ ఎంత పాలో అడిగి కలిపించుకోండి. టిబెటన్ అంగళ్లలో అగరొత్తులు, ఉన్ని శాలువాలు బాగుంటాయి. గంటగిన్నె (సింగింగ్ బౌల్) కొనేముందు అరచేతిలో పెట్టుకుని కర్రతో ఒకసారి తట్టి వినండి, మోత తెగకుండా సన్నగా సాగాలి, మధ్యలో గరగరమంటే పగులుంది. ప్రార్థనా జెండాల వరుస నీలం, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు. ఆకాశం, గాలి, నిప్పు, నీరు, భూమి. ఈ క్రమం తప్పినవి కొనకండి. ఇంట్లో ఎత్తున, గాలి తగిలే చోట కట్టాలి. నేలమీద వేయకూడదు, కారు బానెట్ మీద పరచకూడదు.

తిరుగు ప్రయాణం

పదకొండుకు బస్సు కదలాలి. హుణసూరులోనో మైసూరు రింగురోడ్డు మీదో భోజనం. బెంగళూరును సాయంత్రం ఐదుకు ముందే దాటితే రాత్రి పదికి అనంతపురం. ఐదు దాటితే పన్నెండు. శనివారం సాయంత్రం ఊరు విడిచే కార్లన్నీ హెబ్బాళ దగ్గరే ఉంటాయి కాబట్టి ఈ ఒక్క గంట విషయంలో ఎవరి మాటా వినొద్దు.

చిక్కబళ్లాపురం దాటాక మైకు తీసుకుని ఖర్చుల లెక్క చదివేయండి. టోలు రసీదులు, లాడ్జి బిల్లు, మఠం రసీదు ఒక కవరులో పెట్టి చేతులు మార్చి చూపించండి. మిగిలిన డబ్బు బస్సు దిగకముందే పంచండి. డ్రైవర్లిద్దరికీ ఇవ్వాల్సింది ఓనరుకు కాక వాళ్ల చేతికే ఇవ్వండి. దిగేటప్పుడు బ్యాచ్ పెద్దలు సీట్ల కింద, పైన అరల్లో ఒకసారి చూడాలి. ప్రతిసారీ ఒక శాలువా, ఒక ఫోను ఛార్జరు, ఒక మందుల సంచీ అక్కడ దొరుకుతాయి.